పక్క గదిలో జగ్గయ్యపేట

జాకియా నందిగామలోని ఒక పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేస్తోంది. ఉండేది జగ్గయ్యపేటలో, అమ్మానాన్నల దగ్గర. తండ్రి జిలానీ ముక్త్యాల నుంచి సిమెంటు లారీ నడుపుతాడు. సిమెంటుకు నీళ్ళు తగిలితే వేడి పుడుతుంది. దిమ్మె బాగా మందంగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక కాంక్రీటును పగలగొడుతుంది. ఆ పగులు ఎక్కడ మొదలవుతుందో ముందుగానే లెక్కగట్టడం ఆమె పరిశోధన.

ఆ లెక్క కాగితం మీద తేలేది కాదు. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. విజయవాడ అవతల ఉన్న ఆమె యూనివర్సిటీ దాన్ని కొన్నది కూడా. అయితే అందరికీ కలిపి ఉన్నవి ఐదే లైసెన్సులు. అవి ఒక సర్వర్‌లో ఉంటాయి. ఎవరు సాఫ్ట్‌వేర్ తెరిస్తే వాళ్ళకు ఒకటి వెళుతుంది, మూసేస్తే తిరిగి వస్తుంది. ఐదుగురు తెరిచి కూర్చుంటే ఆరో మనిషి కాచుకోవాల్సిందే.

ఆ ఐదింటిలో ఒకటి ఎప్పుడూ డిపార్ట్‌మెంట్ హెడ్ వరప్రసాదరావు గారి గదిలోనే ఉండేది. ఆ సాఫ్ట్‌వేర్ వాడడం ఆయనకు రాదు. కానీ తెర మీద ఎరుపూ నీలమూ పూసుకున్న వంతెన బొమ్మ ఒకటి గిరగిరా తిరుగుతుంటే, వచ్చినవాళ్ళు కాసేపు దాన్ని చూసి, ఆ తర్వాత ఆయన్ని చూసేవారు. ఆ చూపు కోసం ఆయన కంప్యూటర్ ఆపనిచ్చేవారు కాదు.

ఒకరోజు యూనివర్సిటీ ఒక సర్క్యులర్ పంపింది. దూరప్రాంతాల స్కాలర్లు ఇకమీదట ఇంటి నుంచే రిమోట్‌గా సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చట. జాకియా ఆ సాయంత్రమే లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసింది. అంతా సవ్యంగా ఎక్కింది. తెరిస్తే మాత్రం లైసెన్స్ సర్వర్ దొరకలేదని చెప్పి మూసుకుపోయింది. కంప్యూటర్ సెంటర్ చూసే నవీన్‌బాబుకు ఫోన్ చేసింది.

"వీపీఎన్ వేసుకున్నారా మేడమ్?"

"వేసుకున్నానండి. యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి వెళ్తోంది. లైసెన్స్ దగ్గరే ఆగిపోతోంది."

"మీ నెట్ స్లో అయ్యుంటది. జగ్గయ్యపేట కదా."

"ఇదే నెట్‌లో ఆన్‌లైన్ క్లాసులు చెప్తున్నానండి."

"అయితే లాప్‌టాప్ ఓసారి ఆపి మళ్ళీ వేయండి."

ఆపి మళ్ళీ వేసింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీకే మెయిల్ పెట్టింది. సర్వర్‌కు కాపలాగా ఉన్న ఫైర్‌వాల్‌లో లైసెన్సులు వెళ్ళే దారులు మూసి ఉన్నాయని, వాటిని తెరవడం చిన్న పనేనని వాళ్ళు రాశారు. నవీన్‌బాబు కాదనలేదు. రిమోట్ వాడకం చూసే కమిటీ చెప్పనిదే తెరవనన్నాడు. కమిటీకి పెద్ద వరప్రసాదరావు గారే.

ఆమె వెళ్ళి అడిగితే ఆయన నొచ్చుకున్నారు. "తొందరెందుకమ్మా? వీసీ గారొచ్చి ప్రారంభించాలి. ఈలోపే అందరూ వాడేస్తే ఆవిడ ఏం ప్రారంభిస్తారు?"

ప్రారంభోత్సవానికి ముహూర్తం కుదిరింది. వేదిక మీద పెద్ద తెర పెట్టి, దూరపు ఊళ్ళో ఉన్న స్కాలర్ ఒకరు ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ నడపడం చూపించాలన్నారు. అందుకు జాకియానే ఎంచుకున్నారు. మెట్ట ప్రాంతం, ఆడపిల్ల, తండ్రి లారీ డ్రైవర్. పేపర్ వాళ్ళకు ఇంతకంటే ఏం కావాలన్నారు వరప్రసాదరావు గారు.

ఫైర్‌వాల్ మాత్రం తెరుచుకోలేదు. ప్రారంభోత్సవం ఏర్పాట్లలో పడి కమిటీకి కూర్చునే తీరిక దొరకలేదు. ముందురోజు ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా జాకియా, రేపు ఇక్కడికొచ్చెయ్."

"నేను ఇంటి నుంచి చూపించాలి కదండీ సార్?"

"ఇంటి నుంచే. సెమినార్ హాల్ పక్క గదిలో కూర్చుని ఇంటి నుంచి చూపిస్తావు. వెనక ఇంట్లోలా కర్టెన్ కట్టిస్తున్నా."

జాకియాకు ఒళ్ళు మండింది. కానీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. సరేనంది. సంగతి విని తల్లి వలీబీ కిటికీ కర్టెన్ విప్పి మడతపెట్టింది. "వాళ్ళ కర్టెన్ మనదని ఎందుకు చెప్పాలి? మనదే తీసుకుపో," అంది.

మర్నాడు పొద్దున్నే ఆ కర్టెన్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి వెళ్ళింది. ఆ పక్క గదిలో ఏసీ ఉంది, కొత్త కంప్యూటర్ ఉంది, క్యాంపస్ లోపలే కాబట్టి ఫైర్‌వాల్ అడ్డూ లేదు. కార్యక్రమానికి అడ్డు రాకూడదని మిగతా అందరి చేతా సాఫ్ట్‌వేర్ మూయించారు. వరప్రసాదరావు గారి వంతెన కూడా ఆ రోజు ఆగింది. ఐదు లైసెన్సులూ ఒక్కసారిగా ఖాళీగా ఉండడం జాకియా ఎన్నడూ చూడలేదు. ఆయన చూపించమన్న రంగుల బొమ్మను పక్కన పెట్టి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న తన దిమ్మె లెక్కను ఎక్కించి మొదలుపెట్టింది.

హాల్లో తెర మీద ఆమె ముఖం, పక్కన కదులుతున్న అంకెలు కనిపించాయి. వీసీ భారతీదేవి గారు మైకు తీసుకున్నారు.

"జాకియా గారూ, మీ జగ్గయ్యపేటలో ఎండలెలా ఉన్నాయి?"

లెక్క గురించి అడుగుతారనుకుంది జాకియా. ఎండ గురించి అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"పొద్దున బస్సెక్కేటప్పుడు చల్లగానే ఉందండి మేడమ్. ఇప్పుడెలా ఉందో తెలీదు. నేను మీ పక్క గదిలో ఉన్నా."

వరప్రసాదరావు గారు లేచి నిలబడ్డారు.

"విన్నారా మేడమ్? సిగ్నల్ అంత బాగుందన్నమాట. జగ్గయ్యపేటలో ఉండి కూడా మన పక్క గదిలో ఉన్నట్టే ఉందంటోంది అమ్మాయి."

చప్పట్లు మోగాయి. వీసీ గారు కూడా కొట్టారు. "అది కాదండి, నిజంగానే," అని జాకియా మొదలుపెట్టేలోగా నవీన్‌బాబు ఆమె మైకు ఆపేశాడు.

ఆ తర్వాత సన్మానాలు, ఉపన్యాసాలు, భోజనాలు. వీసీ గారు వెళ్ళేదాకా ఏదీ ముట్టుకోవద్దని ఆజ్ఞ కాబట్టి ఆ గదిలోకి ఎవరూ రాలేదు. జాకియాను భోజనానికి పిలవలేదు కూడా. జగ్గయ్యపేటలో ఉన్న మనిషి భోజనాల దగ్గర కనిపిస్తే బాగుండదు కదా. ఆకలితోనే తెర ముందు కూర్చుంది. వంటకాల ఘుమఘుమలు తలుపు సందులోంచి వస్తుండగా లెక్క పూర్తయింది. పగులు పైన కాదు, దిమ్మె కిందిభాగంలో ఒక మూల మొదలవుతోంది. ఇన్నాళ్ళూ అందరూ చూస్తున్నది పైభాగమే. ఆమె ఆకలి మరిచిపోయింది.

సాయంత్రం వరప్రసాదరావు గారు వచ్చారు. "పరువు తీయబోయావు గదమ్మా."

"చప్పట్లు కొట్టారు కదండీ సార్."

"అందుకే వదిలేస్తున్నా."

మర్నాడు పేపర్లో ఆమె ఫోటో పడింది. లారీ పక్కన టీ తాగుతూ ఆ వార్త చదివిన జిలానీ కూతురికి ఫోన్ చేశాడు.

"జగ్గయ్యపేట ఇంట్లోంచే చేశావని రాశారు. నువ్వు నిన్న బస్సెక్కావు కదమ్మా?"

"ఎక్కా."

"పేపరోళ్ళకు తెలీదా మరి?"

"తెలుసు. నేను చెప్తున్నప్పుడు వాళ్ళూ హాల్లోనే ఉన్నారు."

ఆ లెక్కతో రాసిన పేపరు ఒక మంచి జర్నల్లో వచ్చింది. అందులో మొదటి పేరు వరప్రసాదరావు గారిది.

ఫైర్‌వాల్ ఇప్పటికీ తెరవలేదు. ఘనంగా ప్రారంభమైపోయినదాన్ని మళ్ళీ బాగుచేస్తే, అప్పుడు పనిచేయలేదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఆ పక్క గదికే 'రిమోట్ యాక్సెస్ కేంద్రం' అని బోర్డు పెట్టారు. దూరప్రాంతాల స్కాలర్లు ఐడీ కార్డుతో స్వయంగా రావాలి. చూసి నేర్చుకుందామని వేరే యూనివర్సిటీల వాళ్ళు కూడా వచ్చిపోతున్నారు. జాకియా శనివారం శనివారం పొద్దున్నే బస్సెక్కి, ఇంటి నుంచి పనిచేయడానికి అక్కడికి వెళుతోంది.