రెండో సగంలో వేరే చొక్కా

ఆఫీసులో నన్ను అనుమానప్పక్షి అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. మా ఆయన మాత్రం మొహం మీదే అంటారు: "పాలు పొంగినా ఆఫ్‌సైడేమోనని చూసే మనిషివి." అననివ్వండి. పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు అకాడమీకి అమ్మాయిలను ఎంచి తేవడం నా ఉద్యోగం. ఇందులో తొందరగా నమ్మేసినవాళ్ళెవరూ ఎక్కువ కాలం నిలవలేదు.

ఆ రోజు అకాడమీలో ఒక్క చోటే మిగిలి ఉంది. దానికి ఇద్దరు. ఒకమ్మాయి పెద్ద లీగ్‌లో ఆడుతుంది. మనిషి పొడుగు, గోల్స్ తక్కువ, కానీ కొట్టినవన్నీ గట్టి జట్ల మీద. రెండో పిల్లది ఎవరూ పట్టించుకోని చిన్న లీగ్. గిర్రున తిరుగుతుందని బొంగరం అంటారు. ముప్ఫై గోల్స్ కొట్టిందట. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది కాబట్టి ఆ పిల్లకిదే ఆఖరి అవకాశం. ఇద్దరిలో ఎవరో సాయంత్రంలోగా చెప్పమన్నారు మా డైరెక్టరుగారు.

చిన్న లీగ్‌లో ముప్ఫై గోల్సంటే ఏపాటివి? ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. పైగా ఆ పిల్ల కోచ్ మా తమ్ముడు. చిన్నప్పుడు నా సైకిల్ని నాకే అమ్మబోయిన ఘనుడు.

"ఒక్కసారి వచ్చి చూడక్కా. తర్వాత నీ ఇష్టం" అన్నాడు ఫోన్లో.

"ఉన్న ఒక్క మంచి పిల్లనీ నాకెందుకిస్తున్నావురా?"

"ఇక్కడే ఉంటే ఎదగదక్కా."

ఆ మాటతో నా అనుమానం రెట్టింపైంది. గెలిపించే పిల్లను చేతులారా వదులుకునే కోచ్‌ని నేనింతవరకు చూడలేదు.

గ్రౌండు ఒక గోడౌను గోడకీ, కార్లు కడిగే షెడ్డుకీ మధ్య ఉంది. బంతి బయటికి పోతే షెడ్డు రేకులకి తగిలి ఫెళ్ళుమంటుంది. నేను వెళ్ళేసరికి తమ్ముడూ ఎదుటి జట్టు కోచూ ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగుతూ నవ్వుకుంటున్నారు. దొంగలు దొంగలు కలిసి ఊళ్ళు పంచుకున్నట్టుంది యవ్వారం. పసుపు చొక్కాల్లో ఉన్న ఎదుటి జట్టు పిల్లలు పదకొండు మంది కూడా లేరు. ఒకమ్మాయి కళ్ళజోడు జారకుండా తాడు కట్టుకుని ఆడుతోంది.

మొదటి సగంలోనే బొంగరం నాలుగు గోల్స్ కొట్టింది. నాకు ఒక్కటీ ఆనలేదు. డిఫెండర్లు బంతి వెళ్ళిపోయాక తిరుగుతున్నారు, గోల్‌కీపరు భయంతో కళ్ళు మూసుకుంటోంది. ఈ మోకాళ్ళ నొప్పులతో నేను కొట్టినా రెండు పడతాయి. అంతలో ఒకటి పట్టుకున్నాను. గోల్ పడబోయే ముందు ప్రతిసారీ మా తమ్ముడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. సైగ! ఎవరికి? టీ పంచుకున్న ఆ కోచ్‌కి కాక ఇంకెవరికి?

రెండో సగానికి జట్లు మైదానంలోకి వచ్చాయి. బొంగరం ఒంటి మీద పసుపు చొక్కా ఉంది. గబగబా తమ్ముడి దగ్గరికి వెళ్ళాను.

"ఏంట్రా ఇది? మ్యాచ్ అమ్మేశావా?"

"మా లీగ్ అలవాటక్కా. అవతలి వాళ్ళు మనుషులు చాలక మరీ వెనకబడితే, గెలిచేవాళ్ళు తమలో మంచి ప్లేయర్ని రెండో హాఫ్‌కి అరువిస్తారు. లేకపోతే వచ్చే వారం వాళ్ళు రారు. ఆడటానికి ఎదుటి జట్టంటూ ఉండాలిగా?"

నమ్మీ నమ్మక వచ్చి కూర్చున్నాను. ఈసారి ఆ పిల్ల ఇచ్చే పాస్‌లు చూశాను. ఇందాక తన వాళ్ళకి బంతిని చెంపదెబ్బలా కొట్టింది. ఇప్పుడు బంతి నేల మీద మెల్లగా దొర్లుతోంది. అలిసిపోయిందా, సొంత జట్టు ఓడకుండా నాటకమాడుతోందా? నాటకమే అనుకున్నాను.

ఆట ముగియబోతుండగా బొంగరం తన జట్టు పిల్లల్నే ఇద్దర్ని దాటుకుని గోల్ ముందుకి వచ్చింది. కీపరు తప్ప అడ్డం ఎవరూ లేరు. మా తమ్ముడు లేచి నిలబడి టోపీ తీశాడు. పిల్ల చూసింది. చూసి, బంతిని ఎడంపక్కకి జార్చింది. అక్కడున్న కళ్ళజోడు పిల్ల కాలు అడ్డంపెట్టింది, అంతే. గోల్! పసుపు చొక్కాలన్నీ ఆ పిల్ల మీద పడి గంతులేశాయి. నేను మాత్రం పళ్ళు కొరుక్కున్నాను. సొంత జట్టు మీద కొట్టొద్దన్న సైగ కాబోలు!

ఆట అయ్యాక తమ్ముడి కంటే ముందే బొంగరాన్ని పక్కకి పిలిచాను.

"మీ సార్ టోపీ తీస్తే ఏంటర్థం?"

తల దించుకుంది. "ఎవరికీ ఇవ్వకు, నువ్వే కొట్టు అని అండి."

"నేనెందుకొచ్చానో తెలుసా?"

"తెలుసండి."

"తెలిసీ కొట్టలేదా?"

"కీపర్ నా మీదకే వచ్చేసిందండి. ఎడంపక్క ఆ అమ్మాయి ఖాళీగా ఉంది."

"దానికి బంతి ఆపడమే రాదుగా!"

"ఆపక్కర్లేకుండా ఇచ్చానండి. వీళ్ళకి మెల్లగా ఇవ్వాలి. మా వాళ్ళకి అలా ఇస్తే తిడతారు."

"ఇది చెప్పమని ఎవరు నేర్పారు?"

పిల్ల నన్ను వింతగా చూసింది. "నేర్పేదేముందండి? రెండు మూడు సార్లు ఇచ్చి చూస్తే తెలుస్తుంది కదా."

ఏ లీగ్ గోల్ ఏ లీగ్‌లో ఎంతకు సరితూగుతుందని ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుని జుట్టు పీక్కుంటున్నాను. ఎవరి కాలికి ఎంత బంతి సరిపోతుందో ఈ పిల్ల ఆడుతూ ఆడుతూనే తూచేసింది. పెద్ద జట్టులో పడేసినా తూచుకుంటుంది. సిగ్గేసింది, దాన్ని మించి సంతోషమేసింది.

తమ్ముడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "చెడగొట్టింది కదక్కా! టోపీ తియ్యకపోతే ఇది ముప్ఫై కాదు, పది కూడా కొట్టదు. అందరికీ పంచేస్తుంది. కనీసం ఈరోజైనా నీ కళ్ళెదుట..." నేను వాడి ఎదుటే డైరెక్టరుగారికి ఫోన్ చేశాను.

"ఎన్ని కొట్టింది?" అన్నారాయన.

"నాలుగు. వాటిని లెక్కలో వేసుకోకండి."

"అయితే పొడుగమ్మాయేనా?"

"కాదండీ, బొంగరం. కొట్టగలిగీ కొట్టని గోల్ ఒకటి చూశాను. వచ్చాక చెబుతాను."

"ఏమ్మా, ఆ కోచ్ మీ తమ్ముడే కదూ?"

నా మందు నాకే తాగించినట్టైంది. "అవునండీ. వాడి మీద మీకంటే నాకే ఎక్కువ అనుమానం. అందుకే చెబుతున్నాను, తీసుకోండి."

ఆయన నవ్వారు. "అనుమానప్పక్షే చెప్పాక ఇంకేముంది? రేపు పంపించు."

బొంగరం పసుపు చొక్కా మడతపెట్టి కళ్ళజోడు పిల్లకి తిరిగిస్తోంది. తమ్ముడు అటే చూస్తూ టోపీ తీశాడు. ఈసారి మళ్ళీ పెట్టుకోలేదు.

"మరి నీ జట్టు సంగతేంట్రా?" అన్నాను.

"ఏముందక్కా, వచ్చే వారం నుంచి అరువు మేమే అడుగుతాం."