నారిన్ స్నానశాలలో గురువారం

ఉమ్సునాయ్ వేడినీళ్ళ బకెట్‌ని కుడిచేత్తో ఎత్తి రాతిబల్ల మీద కుమ్మరించి, మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో రుద్దసాగింది. నిన్న మగవాళ్ళ వంతు. ఆవిరిస్నానంలో వాళ్ళు ఒళ్ళు బాదుకున్న కొమ్మల ఆకులు మురుగుకాలువ జాలీకి అడ్డంపడి నల్లగా నానిపోయాయి. వాటిని వేళ్ళతో పెకలించి తొట్టిలో వేసింది. గోడ అవతల ఎవరో పొయ్యిలోకి బొగ్గు ఎగదోస్తున్నారు. నది గడ్డకట్టి చాలా రోజులైంది. నారిన్ కొండఊళ్ళో సగం ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి బిగుసుకుపోయాయి. అంటే ఈ గురువారం ఆడవాళ్ళు విరగబడి వస్తారు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, ఆవిరికి ఎప్పుడూ ఎర్రబారి ఉండే బుగ్గలు, నీళ్ళలో నానీ నానీ గీతలు చెరిగిపోయిన అరచేతులు. పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుడు గొర్రెలతో కొండ దిగుతూ మంచుచరియ కింద పడి చనిపోయాడు. పిల్లలు లేరు. అప్పుడు చేరింది ఈ పనిలో. ఊళ్ళో ఆడవాళ్ళందరి వీపులూ ఆమెకు తెలుసు. ఎవరికి ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఎవరు వేడికి తాళలేరో, ఎవరి ఒంటిమీద మొగుడి చేతి గుర్తులుంటాయో అన్నీ తెలుసు. ఆమె సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్నానాల ఉమ్సునాయ్ అంటారు, అంతే.

రెండేళ్ళ కిందటి వరకు అందరిలాగే నడుముకి తువ్వాలు చుట్టుకుని ఆవిరిలో తిరిగేది. ఇప్పుడు మోకాళ్ళదాకా నీలం చొక్కా వేసుకునే పనిచేస్తోంది. ఎడమవైపు రొమ్ము ఉండాల్సిన చోట వరిగలు పోసి కుట్టిన గుడ్డసంచి కట్టుకుంటుంది. ఆవిరి తడికి ఒకసారి అవి మొలకెత్తాయి కూడా. ఆ సాయంత్రం ఇంట్లో ఒక్కతే కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకుంది. ఊళ్ళో మాత్రం కడుపులో ఏదో ఆపరేషన్ అని చెప్పింది.

ఆ జబ్బు ఆ ఇంటికి కొత్త కాదు. తల్లి కడుపు ఉబ్బి చనిపోయింది. రెండు ముద్దలు తింటే చాలు, నిండిపోయిందనేది. మాటిమాటికీ బయటికి వెళ్ళొచ్చేది. అన్ని కాన్పులైన ఒళ్ళు, అలాగే ఉంటుందన్నారు. అక్క సబీరా రొమ్ములో గడ్డతో పోయింది. పోతూ పోతూ పన్నెండేళ్ళ కూతురు బెగిమాయ్‌ని చెల్లెలికి అప్పగించింది. ఆ రెండు చావులూ వేరువేరనే ఉమ్సునాయ్ అనుకుంది. తన రొమ్ములో బఠాణీ గింజంత గట్టిగా చేతికి తగిలినప్పుడు కూడా, నొప్పి లేదు కదా అని చలికాలమంతా ఊరుకుంది.

చివరికి చేరిన రాజధాని బిష్కెక్ ఆసుపత్రిలో పక్కమంచం మీద వేరా అనే రష్యన్ ఆవిడ ఉండేది. ఒకప్పుడు రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం. బోడితల, పెద్ద గొంతు. ఉమ్సునాయ్ గోడవైపు తిరిగి పడుకుంటే దుప్పటి లాగేసేది.

“ఏమే కొండమనిషీ, ఆ గోడేమన్నా డాక్టరా? తెలీనిది అడుగు. నీ ఒళ్ళు, నీ జబ్బు. నువ్వు కాకపోతే ఎవరడుగుతారు?”

వేరాయే ఆమెను శనివారాల్లో కలుసుకునే ఆడవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. అందరూ ఆ జబ్బు పడినవాళ్ళే. పాత అపార్ట్‌మెంటులో కింది గది, పొడుగాటి బల్ల, టీ, రొట్టె, ఆప్రికాట్ జామ్. అప్పుడప్పుడు ఒక డాక్టరమ్మ వచ్చి, అడిగినదానికల్లా విసుక్కోకుండా జవాబు చెప్పేది. తల్లి అండాశయానికీ కూతురి రొమ్ముకీ వచ్చినవి ఒకే తీగకి కాసిన కాయలు కావచ్చని ఉమ్సునాయ్ అక్కడే విన్నది. ఆ తీగ నెత్తుట్లో ఉంటుందట. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు. కానీ ఉందని తెలిస్తే కాచుకోవచ్చు. రక్తపరీక్షలో ఆమెకు ఉందనే తేలింది. రొమ్ము తీశాక, డాక్టర్లతో మాట్లాడుకుని అండాశయాలు కూడా తీయించుకుంది. ఎడమచెయ్యి కాస్త వాచి ఉండిపోయింది. బతికింది.

ఊరికి రాగానే, తన కోత సంగతి దాచి, ఆ నెత్తుటి తీగ గురించి మాత్రం బెగిమాయ్‌తో చెప్పింది. బెగిమాయ్ అత్తగారితో చెప్పింది. ఆ అత్తగారు కాలిపా. మాంసం కొట్టు నడిపే మనిషి, మాట కూడా కత్తిలాగే పడుతుంది. “నా ఇంట్లో ఇద్దరు మనవరాళ్ళున్నారు. రేపు వాళ్ళకి సంబంధాలు రావాలి. ఆ నెత్తుటి కబుర్లు నా గడప దాటి లోపలికి రాకూడదు” అంది. ఆ రోజునుంచి బెగిమాయ్ పిన్ని ఇంటికి రావడం మానేసింది. పెంచి పెద్దచేసిన పిల్ల బజారులో కనిపించి కూడా తల వంచుకుని పోతుంటే, ఉమ్సునాయ్‌కి కత్తి తగిలిన చోటుకంటే గుండెలో ఎక్కువ సలిపింది.

తలుపులు తీసేసరికి ఆడవాళ్ళు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి, నోట్లోంచి పొగలు కక్కుతున్నారు. ఫెల్టు బూట్లు, శాలువలు, బేసిన్లు, పిల్లలు. కాసేపటికే లోపల ఒకరి ముఖం ఒకరికి కనిపించనంత ఆవిరి కమ్ముకుంది. ఉమ్సునాయ్ బకెట్లు నింపింది, ముసలివాళ్ళ వీపులు రుద్దింది, జారిపడబోయిన పిల్లని రెక్క పట్టుకుని ఆపింది.

ఆవిరిలోంచి కాలిపా కనిపించింది. వెనకాలే బెగిమాయ్. వాళ్ళింట్లోనూ గొట్టాలు బిగుసుకుపోయినట్టున్నాయి. కాలిపా భారీ మనిషి. ఎప్పుడొచ్చినా నడి గదిలో రొమ్ము విరుచుకుని కూర్చునేది, ఇవాళ ఎందుకో మూల బల్ల మీద, తువ్వాలు భుజాలదాకా కప్పుకుని కూర్చుంది. బెగిమాయ్ ఒకసారి పిన్నివైపు చూసి చూపు తిప్పుకుంది.

“పోస్టాఫీసు సందులో ఆవిడ పోయిందట, విన్నారా?” అంది సాలికా, టాక్సీ నడిపేవాడి పెళ్ళాం. నోరు ఊరుకోదు. “ఆ జబ్బేనట. నలభై కూడా లేవు.”

“దిష్టి” అంది ఒక ముసలావిడ.

“దిష్టీ కాదు, గిష్టీ కాదు” కాలిపా గొంతు మూలనుంచి లేచింది. “కత్తి పెట్టించుకుంది, అందుకు పోయింది. కొయ్యకుండా ఉంటే అది నిద్రపోతుంది. కోస్తే లేచి ఒళ్ళంతా పాకుతుంది. అక్కడ కత్తి తగిలాక బతికిన మనిషిని ఒక్కదాన్ని చూపించండి. ఒక్కదాన్ని!”

 కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు.

ఉమ్సునాయ్ చేతిలో బకెట్ ఉంది. దాన్ని కింద పెట్టింది.  అందరిముందూ చొక్కా విప్పాల్సిన రోజు ఒకటి వస్తుందని ఆమెకు రాత్రుళ్ళు అనిపించేది; వస్తే చచ్చిపోతాననుకునేది. ఇప్పుడు చూస్తే చేతులు వాటంతటవే గుండీలు తీస్తున్నాయి. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయి రాలేదు. తలమీంచి ఒక్క లాగు లాగి నేలమీద పడేసింది. వరిగల సంచి తీసి దానిమీద వేసింది.

“ఇదిగో వదినా, చూడు. చూపించమన్నావుగా.”

ఎడమవైపు చదునుగా ఉంది. చంకనుంచి రొమ్ముఎముక దాకా ఒక తెల్లని గీత, చివర కాస్త ముడుచుకుని. బొడ్డుచుట్టూ అండాశయాలు తీసిన చిన్న చిన్న మచ్చలు. కుడివైపు రొమ్ము వయసుకి జారి, ఒంటరిగా.

“రెండేళ్ళయింది. కత్తి తగిలింది, మందు ఎక్కించారు, జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. ఇందాక నీ బేసిన్‌లో నీళ్ళు పోసింది ఎవరనుకున్నావు, దెయ్యమా?”

సాలికా ముందు నోరు తెరిచింది, తర్వాత పకపకా నవ్వింది. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! రెండేళ్ళుగా మా వీపులన్నీ రుద్దుతూ, మాకు చెప్పనేలేదే!”

ఆ నవ్వుతో బిగుసుకున్నదేదో సడలిపోయింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకరు ముట్టుకుంటానన్నారు. ఒకరు నొప్పి పుడుతుందా అని అడిగారు. ఇంకొకరు గొంతు తగ్గించి, మొగుడు లేడు కాబట్టి సరిపోయింది, ఉంటే ఏమనేవాడంటావ్ అన్నారు. “ఏమంటాడు? బతికున్నందుకు టీ పెట్టి ఇచ్చేవాడు, ఇవ్వకపోతే నేనే తన్నేదాన్ని” అంది ఉమ్సునాయ్.

“మా నాన్న చెల్లెలు కడుపులో ఆ జబ్బుతోనే పోయింది” అంది సాలికా, ఇప్పుడు నవ్వకుండా. “నాన్నవైపు కదా, అది మాకు అంటదుగా?”

“నాన్నవైపునుంచీ రావచ్చట. నాకు తెలిసింది నేను చెబుతాను. నీ సంగతి చెప్పాల్సింది డాక్టరు. కడుపు ఊరికే ఉబ్బుతున్నా, తినకుండానే నిండినట్టున్నా, రోజుల తరబడి తగ్గకపోతే ఊరుకోవద్దు. రొమ్ములో గట్టిగా తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, నొప్పి లేదని సంబరపడొద్దు. నేను పడ్డాను.”

“ఎవరి దగ్గరికి పోవాలి మరి? అంత పెద్ద ఊళ్ళో ఎవరు పట్టించుకుంటారు?”

ఉమ్సునాయ్ సబ్బుముక్క తీసుకుని గోడ పలకల మీద వేరా ఫోన్ నంబరు రాసింది. చేతులన్నీ తడే, ఎవరి దగ్గరా కాగితం లేదు. దాంతో ఆడవాళ్ళు ఆ అంకెల్ని బడిపిల్లల్లా గట్టిగా వల్లించారు. ముసలావిడ తప్పు చెబితే ఆమె మనవరాలు దిద్దింది. ఆవిరికి అంకెలు కరిగి కారిపోయేసరికి ఆ గదిలో సగంమందికి నోటికొచ్చేసింది.

అప్పుడు వచ్చింది బెగిమాయ్. గుంపుని తప్పించుకుని వచ్చి పిన్ని ఎదురుగా నిలబడింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, తల్లి చనిపోయిన రోజు నిలబడ్డట్టే నిలబడింది. చెయ్యి చాచి ఆ గీతమీద వేలు పెట్టి, ఈ చివరనుంచి ఆ చివరదాకా నెమ్మదిగా రాసింది.

“అమ్మకి కూడా ఇలాగే చేసుంటే ఉండేదా, పిన్నీ?”

“ఏమో తల్లీ. అప్పుడు మనకెవరూ చెప్పలేదు.”

“నాకు నువ్వు చెప్పావు. నేనే...”  ఉమ్సునాయ్ ఆ తడితలని తన చదునైన వైపుకే లాక్కుని పెట్టుకుంది. అక్కడ స్పర్శ సరిగ్గా తెలియదు. అయినా వెచ్చగా అనిపించింది.

మధ్యాహ్నం దాటింది. స్నానాలు చేసినవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని టీ తాగి వెళ్ళిపోతున్నారు. చొక్కా లేకుండానే, తువ్వాలు చుట్టుకుని ఉమ్సునాయ్ బేసిన్లు సర్దుతోంది. ఆ గదిలో అరలకి వేలాడే తెరల్లో చివరిది పక్కకి జరిగింది. కాలిపా నిలబడి ఉంది, ఇంకా బట్టలు కట్టుకోలేదు. ముఖంలో రక్తం లేదు.

“ఇలా రా” అంది.

ఉమ్సునాయ్ వెళ్ళింది. కాలిపా తెర లాగేసి, ఆమె చెయ్యి పట్టుకుని తన కుడి రొమ్ముకిందికి, పక్కటెముకల వైపు తీసుకెళ్ళి నొక్కింది. చర్మం కింద గట్టిగా, కదలకుండా ఒకటి తగిలింది.

“ఎప్పట్నుంచి, వదినా?”

“చలి మొదలవకముందు, ద్రాక్షలు వచ్చే రోజులనుంచి. ఎవరికీ చెప్పలేదు. మాంసం కొట్టేదాన్ని, కత్తంటే భయమంటే ఊరంతా నవ్వదూ?” కాలిపా తువ్వాలు మళ్ళీ భుజాలదాకా లాక్కుంది. “ఇవాళ అన్ని మాటలన్నానా, నాకోసమే అన్నాను. నీ మాట వింటే వెళ్ళాల్సొస్తుందని.”

“ఇదేమిటో నా వేళ్ళకి తెలీదు. ఏమీ కాకపోవచ్చు కూడా. పరీక్ష చేస్తే తెలుస్తుంది.”

“నాతో వస్తావా?”

ఉమ్సునాయ్ జవాబు చెప్పేలోపే తెర అవతల నుంచి బెగిమాయ్ గొంతు వినిపించింది. “నేనొస్తా అత్తయ్యా. పరీక్షకి నా రక్తం కూడా ఇచ్చొస్తా.”

“గోడలకే కాదు, తెరలకి కూడా చెవులున్నాయి ఈ ఊళ్ళో” అంది కాలిపా కళ్ళు తుడుచుకుంటూ. “రా మరి. నువ్వు రాకపోతే నా మూట ఎవడు మోస్తాడు?”

ఉమ్సునాయ్ వేరాకి ఫోన్ చేసింది. అవతలినుంచి ఆ పెద్ద గొంతు గదంతా వినిపించింది. “పంపించు! పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గరుంటాను. ఎర్రటోపీ పెట్టుకుంటానని చెప్పు!” సాలికా తన మొగుణ్ణి టాక్సీతో పిలిపించింది. బెగిమాయ్ ఇంటికి పరుగెత్తి పిల్లల్ని తండ్రికి అప్పజెప్పి, ఒక మూటతో తిరిగొచ్చింది. ఇంకా వెలుతురు ఉండగానే టాక్సీ కదిలింది. వెనక సీట్లో అత్తాకోడళ్ళు ఒకే దుప్పటి కప్పుకున్నారు. డోలోన్ కనుమ దాటే దారిలో మంచు పడుతోందని సాలికా మొగుడు గొణిగాడు. “పడనీ, పోనియ్” అంది కాలిపా.

కాలిపాది ఆ జబ్బేనని తేలింది, పెరగకముందే దొరికింది. రొమ్ము మొత్తం తియ్యక్కర్లేదన్నారు. వసంతంలో ఆమె మళ్ళీ నడి గదిలో బల్లమీద కూర్చుని, కోత అందరికీ చూపించి, వచ్చిన ప్రతి ఆడదాన్నీ చూసుకున్నావా లేదా అని దబాయించేది. బెగిమాయ్ నెత్తుట్లో ఆ తీగ ఉందని తెలిసింది. శనివారాల గదిలో ఒకరోజంతా ఏడ్చింది. ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్షకి వెళ్తూ, డాక్టర్లతో మాట్లాడుకుంటూ, దొంగ ఏ కిటికీలోంచి వస్తాడో ముందే తెలిసిన ఇంటిమనిషిలా ధీమాగా తిరిగింది. కూతుళ్ళు పెద్దయ్యాక తనే చెబుతానంది, అత్తగారి ఎదుటే. సాలికా కూడా వెళ్ళొచ్చింది. ఆమెకు ఏమీ లేదు. వేరా ఫోను ఆ చలికాలమంతా నారిన్ నుంచి మోగుతూనే ఉంది.

ఆ గురువారం సాయంత్రానికి ఇవేవీ ఉమ్సునాయ్‌కి తెలియవు. టాక్సీ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, వాచిన ఎడమచేతినే ఎత్తి ఊపింది. లోపలికొచ్చి నేల ఊడవసాగింది. చివరి తెర తీస్తే, కాలిపా బట్టలు మార్చుకున్న బల్లమీద ఒక క్యాబేజీ ఆకు పడి ఉంది. తేనె పూసి లోదుస్తుల కింద పెట్టుకుంటే గడ్డ లాగేస్తుందని ఊళ్ళో చెప్పుకునే ఆకు. వాడిపోయినా అది ఇంకా రొమ్ము వంపులోనే ఉంది, అంచుల వెంట తేనె ఆరి మెరుస్తూ.