ఆయన బూట్ల మట్టి

శనివారం వచ్చిందంటే ఆయన బూట్లు కడగడం ఆమె పని. ఎవరూ చెయ్యమన్నదీ కాదు, ఎవరూ వద్దన్నదీ కాదు. వంతెన పని దగ్గర వారమంతా తొక్కిన మట్టి మడమల కింద గట్టిపడి ఉంటుంది. పెరటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, నీళ్ళు పోసి పాత బ్రష్షుతో రుద్దుతూ, ఊడిన మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. జిగురుగా ఉంటే పని ఇంకా పునాది గుంతల్లోనే ఉందన్నమాట. సిమెంటు మరకలుంటే స్తంభాలు లేస్తున్నాయన్నమాట. ఆమె కూడా ఇంజనీరే మరి. ఆయన చదివిన చదువే చదివింది, మార్కులు ఆయనకన్నా ఎక్కువే తెచ్చుకుంది.

ఆ మట్టంటే ఆమెకి కుళ్ళు. నవ్వితే నవ్వండి గానీ, సవతిని చూసి కూడా ఎవరూ అంత కుళ్ళుకోరు.

దేశం కాని దేశం వచ్చిన కొత్తలో కాగితాల ప్రకారం పని చేసే హక్కు ఆయనకుంది, ఆమెకి లేదు. ఆమెకి ఆ హక్కు వచ్చేసరికి చేతిలో కూతురుంది. "పిల్ల కాస్త ఎదగనీ, తర్వాత చూద్దాం" అన్నాడాయన. మంచిగానే అన్నాడు. ఆయన ఏదన్నా మంచిగానే అంటాడు, అదే ఆమె చావుకొచ్చింది. తాగడు, తిరగడు, గొంతు పెంచడు. ఆదివారం పిల్లని పార్కుకి తీసుకెళ్తే చాలు, పక్కింటి ముసలాయన "ఎంత మంచి తండ్రివయ్యా!" అని మురిసిపోతాడు. మిగతా రోజులన్నీ అదే పిల్లని అదే పార్కుకి తీసుకెళ్ళే ఆమెని చూసి "వాన వచ్చేలా ఉందమ్మా" అంటాడు. మొగుడు చెడ్డవాడైనా బాగుండేది, నాలుగు తిట్టుకుని కడుపు చల్లబరుచుకునేది. మంచివాణ్ణి చూసి కుళ్ళుకునే పెళ్ళాం గోడు వినేదెవరు?

కూతురూ అంతే. సాయంత్రం ఆయన కుర్చీలో కునుకు తీస్తే దుప్పటి కప్పి, "అమ్మా, గిన్నెలు చప్పుడు చెయ్యకు, నాన్న అలిసిపోయాడు" అంటుంది. ఆ గిన్నెలు తోమే మనిషి కూడా అలిసిపోతుందని దానికెవరు చెప్పాలి? కన్నకూతురి మీద అలిగితే నలుగురూ నవ్విపోతారని నోరు మూసుకుంటుంది.

ఈ వారమే ఆమెకో ఉద్యోగం వచ్చింది. రెండు గంటల దూరంలో కొత్త వంతెన కడుతున్నారు, దానికి సైట్ ఇంజనీరుగా రమ్మన్నారు. వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండాలి. సోమవారం లోపు జవాబు చెప్పాలి. ఆయనతో చెబితే "నీ ఇష్టం" అన్నాడు. బూట్లు విప్పుకుంటూ, "కానీ పిల్ల?" అన్నాడు. ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయి ఉంది.

ఒక బూటు కడగడం అయి రెండోది చేతిలోకి తీసుకునేసరికి ఆడపడుచు, ఆమె భర్త భోజనానికి దిగారు. వాళ్ళుండేదీ ఈ ఊళ్ళోనే. బూటు అక్కడే వదిలేసి చేతులు కడుక్కుని వడ్డనకి వెళ్ళింది.

అన్నం కలుపుకుంటూ ఆయన ఆ కబురు బయటపెట్టాడు. ఎక్కడో దూరాన ఆనకట్ట కడుతున్నారట, ఏడాది పాటు అక్కడికి వెళ్తే పెద్ద హోదా ఇస్తామన్నారట. వద్దని చెప్పేశాడట.

"వీళ్ళని వదిలి ఎలా ఉంటాను బావగారూ? ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపొస్తుంది. పిల్ల చిన్నతనం మళ్ళీ వస్తుందా?"

బావగారు తినడం ఆపి ఆయన భుజం తట్టాడు. ఆడపడుచు కళ్ళు ఒత్తుకుంది. "చూశావా అమ్మాయ్! మా తమ్ముడిలాంటి వాడు కాగడా పెట్టి వెతికినా దొరకడు. ఏ జన్మలో ఏ పుణ్యం చేసుకున్నావో!"

కూర గరిటె పట్టుకుని నిలబడ్డ ఆమెకి ఒళ్ళు భగ్గుమంది. ఒక్క ఉద్యోగం వద్దన్నందుకు ఇంత మెప్పా! తను చదువునంతా గంగలో కలిపి కూర్చుంటే ఒక్కరి కంటైనా చుక్క నీరు రాలేదే. తనూ ఒకటి వదులుకుందని కూడా ఎవరికీ తోచలేదే. ఆయన కంచం చుట్టూ చేరిన ఆ మెప్పంతా లాక్కోవాలన్నంత అసూయ పుట్టుకొచ్చింది. లాక్కుని ఏం చేసుకుంటుంది? మెప్పు ఆయన్నే ఉంచుకోమను. తనకి ఆ మట్టి కావాలి.

గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అయితే మీరెక్కడికీ వెళ్ళరన్నమాట" అంది ఆయనతో.

"వెళ్ళను" అన్నాడు, ఇంకో మెప్పు వడ్డిస్తుందేమోనని చూస్తూ.

"మంచిదైంది. నేను వెళ్తాను. ఆ వంతెన పనికి సరేనని ఇప్పుడే చెప్పేస్తాను. నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అది కాదు..." అన్నాడు. ముందు తేరుకున్నది ఆడపడుచే.

"అదేంటి! మరి పిల్లనెవరు చూస్తారు?"

"వాళ్ళ నాన్న. ఆయనలాంటి వాడు కాగడా పెట్టి వెతికినా దొరకడు కదా వదినా."

బావగారు దగ్గాడో నవ్వాడో తెలియలేదు. ఆమె గదిలోకి వెళ్ళి ఫోన్లో జవాబు పంపింది.

తిరిగొచ్చేసరికి కూతురు పెరటి గుమ్మంలోంచి కేకేసింది. "అమ్మా, నాన్న బూటు ఒకటి కడగనేలేదు!"

"బ్రష్షు పీట పక్కనే ఉంది. నాన్నకి చూపించు" అని, కంచం పెట్టుకుని, అందరితో పాటు తనూ భోజనానికి కూర్చుంది.