టవరు కింద మనిషి

“నువ్వు చేసేదేముంది, కింద నిలబడటమేగా!”

పెళ్ళయిన కొత్తలో మా ఆయన అన్న మాట ఇది. అప్పుడు అంట్లు తోముతున్నాను, మోచేతుల దాకా మసి.

మాది కొండ మీద రేడియో టవరు పక్కనే క్వార్టరు. టవరెక్కే మనిషి మా ఆయన. పైన దీపం ఆరిపోయినా, రంగులు వెయ్యాలన్నా ఆయనే ఎక్కాలి. ఆయన దిగేదాకా మిషన్లు ఆపి ఉంచాలి. డ్యూటీ మారి వచ్చినవాడెవడైనా చూసుకోకుండా స్విచ్చి వేశాడో, టవరంతా కరెంటు పాకి పైనున్న మనిషి మనకి దక్కడు. అందుకని మిషన్ల గది గుమ్మంలో ఒకరు కదలకుండా కాపలా ఉండాలి. ఆ పనికి మనిషిని వెయ్యమని అడిగితే, “మీ ఆవిడ ఇంట్లోనే ఉంటుంది కదయ్యా” అన్నాడట అప్పటి ఇంజనీరు. ఆ ఒక్క మాటతో నా నౌకరీ ఖాయమైపోయింది. జీతమూ లేదు, సెలవూ లేదు.

చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడ్డాను. జ్వరంతో నిలబడ్డాను. పొయ్యి మీద గిన్నె మాడి కమురు వాసన ముక్కుకి కొడుతున్నా కదల్లేదు. ఊళ్ళవాళ్ళ పాటలూ కబుర్లూ ఫోన్లూ అన్నీ ఆ టవరు మీదుగానే పోతాయని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. మిషన్లు ఆపాక అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకొక్కదానికే తెలుసు. గాలి ఈల వేస్తుంటే దాన్నే పలకరించేదాన్ని, “ఏమ్మా, పొద్దున్నే బయల్దేరావు, ఇంట్లో పనేం లేదా?” అని. నవ్వుతున్నారా? నవ్వండి. నాతో నవ్వే మనిషి లేకే కదా గాలితో కబుర్లు పెట్టుకున్నాను.

ఒకరోజు మా అన్నయ్య రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు. “అమ్మకి బాగాలేదే, నిన్నే కలవరిస్తోంది. పద!” మా ఆయనేమో పైన వేలెడంత కనిపిస్తున్నాడు. కేకేస్తే వినపడదు.

“ఆయన దిగేదాకా రాలేను అన్నయ్యా.”

“నిలబడటమేగా, కాసేపు వదిలేస్తే కొంపలేం మునుగుతాయి?”

“పోనీ నువ్వు నిలబడు, నేను వెళ్తాను.”

“నాకెందుకా గోల!” అని విసురుగా దిగిపోయాడు.

నేను చేరేసరికి అమ్మకి మాట పడిపోయింది. మళ్ళీ పలకలేదు.

“చెప్పుంటే దిగేవాణ్ణిగా” అన్నాడు మా ఆయన.

“ఒక్కసారి కిందికి చూసుంటే చెయ్యూపేదాన్ని.”

“చూడ్డమెందుకే, నువ్వుంటావని తెలుసుగా!”

ప్రేమగానే అన్నాడు పాపం. అందుకే ఇంకా తగ్గలేదు ఆ నొప్పి.

ఆయన రిటైరయ్యాక మావాడికి అదే ఉద్యోగం వచ్చింది. మొన్న పైదీపం ఆరిపోయింది. నా మోకాళ్ళ నొప్పులు చూసి వాడు కోడలితో, “రేపు బడికి సెలవు పెట్టి నువ్వు నిలబడు” అన్నాడు. పిల్ల టీచరుగా చేరి నెలైనా కాలేదు. నావంక చూసింది.

“అది నిలబడదు. ఇక నేనూ నిలబడను” అన్నాను.

“మరి కింద ఎవరుంటారమ్మా?”

“మీ ఆఫీసునడుగు.”

మా ఆయన పేపరు దించాడు. “ఏం పట్టుకుందే నీకు? నిలబడటమేగా!”

“అంతేగా? మీరు నిలబడండి, ఇప్పుడు కూర్చునేగా ఉన్నారు.”

“నేనా! టవరెక్కినవాణ్ణి, కింద కాపలా కాయనా?”

దీపం వెలగలేదు. ఇంజనీరు ఫోన్లో ముందు బతిమాలాడు, తర్వాత క్వార్టరు ఖాళీ చేయిస్తానన్నాడు. ఇంట్లో మగాళ్ళిద్దరూ నాతో మాటలు మానేశారు. నేను మాత్రం మాట మార్చలేదు. కోడలు బడికి వెళ్తూ నా పక్కన టీ గ్లాసు పెట్టి, భుజం మీద చెయ్యేసి వెళ్ళేది.

ఆఖరికి ఆఫీసువాళ్ళు మనిషిని వేశారు. పచ్చ హెల్మెట్టు పెట్టుకున్న ఆడపిల్ల. మావాడు ఎక్కడానికి నడుముకి బెల్టు బిగించుకుంటున్నాడు. ఆ పిల్ల మా ఆయన్ని అడిగింది, “ఇంతకుముందు ఈ పని ఎవరు చేసేవారండీ?”

“ఎవరూ లేరమ్మా. ఈ పోస్టు వెయ్యడం ఇదే మొదలు.”

నేను గుమ్మం దిగి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాను. “నేనే చేశానమ్మా” అన్నాను. “వాడు ఎక్కకముందే అడిగి, ఒక కుర్చీ వేయించుకో.”