లహరి కోసి ఉంచిన దారం

ఈ దీవిలో, మా జంగ్లీఘాట్ జాలర్ల లైన్లో ఎవరి వల చిరిగినా నా అరుగు మీద పడేసి పోతారు. వాళ్లేమీ చెప్పరు. నేనూ అడగను. దారం చూస్తే ఎవరిదో తెలుస్తుంది. బాగుచేసి వాళ్ల గోడ మీద వేసేస్తాను. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి.

ఆ రోజు పొద్దున్న వేట నుంచి వచ్చేసరికి అరుగు మీద ఒక చిన్న వల పరిచి ఉంది. తేలడానికి బెండ్లున్నాయి, మునగడానికి సీసం గుళ్లున్నాయి. మధ్యలో ఎర్రదారం ఒకచోట తెగి ఉంది. మిగతాది నీలం దారం, పక్కింటి కన్నబాబు వాడే రకం. ఇంట్లో ఎవరూ లేరు. టీ కూడా తాగకుండా కూర్చుని, తెగిన చోట ముడి వేశాను. ఊడకుండా ఇంకొకటి వేశాను. కన్నబాబు గోడ మీద పడేసి వచ్చి స్నానం చేశాను.

అది వల కాదని తర్వాత తెలిసింది.

మా మనవరాలు లహరి హైదరాబాదులో ఒక లేబ్‌లో పరిశోధన చేస్తోంది. ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయట. ఆ కబుర్లు మోసేవాటిని సైటోకైన్లు అంటారట. ఏ కబురు ఎక్కడ బయలుదేరి, ఎవరి తలుపు తట్టి, లోపల ఎన్ని చేతులు మారి వాపు దాకా పోతుందో ఆ దారులన్నీ గీయడం దాని పని. సెలవు పెట్టి వచ్చింది వాళ్ల మామ్మ కోసం.

నా భార్య సీతాలుకి కీళ్లవాతం. పొద్దున్న లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. చేపలు కోసే కత్తి పట్టలేదు. తల దువ్వుకోలేక నాచేత దువ్వించుకుంటుంది. నేను వేసిన జడ ఎప్పుడూ ఒక పక్కకి పోతుంది. మాత్రలు చాలలేదు. ఇంజెక్షన్ మొదలుపెట్టాలి, ఆలస్యమై వేళ్లు వంకర తిరిగితే మళ్లీ సరికావు అన్నారు డాక్టరు. సీతాలు ఒప్పుకోలేదు. ఆ మందు ఒంటికున్న కాపలాని తగ్గిస్తుందని ఎవరో చెప్పారు. కాపలా పోతే ఏదో ఒక జ్వరం తనని తీసుకుపోతుందని దాని భయం.

లహరి ఫోన్లో బొమ్మలు చూపిస్తే సీతాలు మొహం తిప్పుకుంది. అందుకని నేను వేటకు వెళ్లాక ఆ పిల్ల వలదారంతో మ్యాపు కట్టింది. బెండ్లు కణాలు. గుళ్లు వాటి వాకిళ్లు. దారాలు కబుర్లు పోయే దారులు. మందు ఏ దారిని ఆపుతుందో అక్కడ ఎర్రదారం కోసి ఉంచింది. ఆ మధ్యాహ్నమే డాక్టరు ఆసుపత్రికి రమ్మన్నారు.

మామ్మా మనవరాలూ బజారు నుంచి వచ్చారు. లహరి అరుగంతా వెతికింది.

"తాతా, ఇక్కడ నా మ్యాప్ పెట్టాను. దేఖా క్యా, చూశావా?"

నేను తుండుతో తల తుడుచుకుంటున్నాను. అంతలో గోడ మీంచి కన్నబాబు తల పైకెత్తాడు.

"తాతా, ఇది నాది కాదు. దీంతో ఏటి పట్టమంటావు, దోమల్నా?"

లహరి లాక్కుని చూసింది.

"అరే తాతా! ముడేసేశావా? మందు పనిచేసే చోటే అది!"

"తెగుంటేనూ..." అన్నాను.

"అడగొచ్చు కదా!"

"ఇన్నేళ్లలో ఈడు ఎవుణ్ణడిగాడే?" అంది సీతాలు. "కన్నం కనిపిత్తే సెయ్యాగదు. మొన్న దోమతెరలో మనిసి దూరే సోటు కూడా కుట్టేసినాడు. నాను బయట, ఈడు నోపల."

కన్నబాబు గోడ పట్టుకుని నవ్వాడు. లహరి కూడా నవ్వింది. నవ్వుతూనే మామ్మ చేతులు చూసి ఆగిపోయింది.

"మామ్మా, నీ ఒంట్లో ఉన్నది కూడా తాతే."

"ఏటే?"

"నీ కాపలా. చెడ్డోడు కాదు. చిల్లు పడిందని కబురొస్తే కుడతాడు. ఇప్పుడు చిల్లు లేని చోట కూడా కబురొస్తోంది. పాపం, కుడుతూనే ఉన్నాడు. నీ వేళ్లన్నీ బిగదీసేశాడు. బస్, ఇక చాలని చెప్పేవాళ్లు లేరు."

సీతాలు తన వేళ్లు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"మరా సూదేత్తే ఈణ్ణి సంపేత్తారా?"

"లేదు మామ్మా. ఈ ఒక్క దారిలో కబురు తగ్గిస్తారు. మిగతా దారాలు ఉన్నాయి చూడు. కానీ సచ్చీ చెప్తున్నా, కాపలా కొంచెం పల్చబడుతుంది. ముందు టీబీ ఉందేమో చూస్తారు. తర్వాత జ్వరమొస్తే దాచకుండా ఆ రోజే చెప్పాలి."

"నీకన్నీ తెలుసేటి?"

"తెలీదు. ఇదిగో, ఇక్కడ నేను దారమే కట్టలేదు. ఎటు పోతుందో ఇంకా ఎవరికీ తెలీదు. నా ఉద్యోగం అదే."

సీతాలు వాచిన వేలితో నేను వేసిన ముడిని తడిమి చూసింది.

"ఆ ముడి కొయ్యి మావా," అంది చివరికి.

కత్తి తీశాను. బాగున్న ముడిని కోయడం నాకు అలవాటు లేదు. చేయి అక్కడే ఆగింది.

"సూడే, ఈడికీ బయ్యమే," అంది సీతాలు. నా మణికట్టు మీద తన వాచిన చేయి వేసింది. "కొయ్యి. నానూ వత్తాను ఆసుపత్రికి."

కోశాను. రెండు కొసలూ విడిపోయాయి. మిగతా దారాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

టీబీ లేదని తేలాక మొదటి సూది వేశారు. "జాగర్త దీదీ," అంది సీతాలు నర్సుతో, "నోపల మా ముసిలోడున్నాడు." నర్సుకి అర్థం కాలేదు. నేను గోడ వైపు చూశాను.

లహరి వెళ్లేముందు మ్యాపుని తలుపు పక్కన మేకుకి తగిలించింది. ఆ తెగిన ఎర్రదారం చూసినప్పుడల్లా చేతులు దురద పెడతాయి. ముట్టుకోను.

వాపు ఒక్కసారి పోలేదు. మెల్లగా దిగింది. ఇప్పుడు సీతాలు చిన్న చేపలు కోస్తోంది, చీపురు పడుతోంది. దువ్వెన మాత్రం పొద్దున్నే తెచ్చి నా చేతిలో పెడుతుంది.

"సేతులు బాగున్నాయి కదే," అన్నాను ఒకరోజు.

"ఉంటే?" అంది, నా ముందు కూర్చుంటూ.