షూర్ వేసిన కేక

షూర్ మూడో కప్పు కూడా ఉమ్మేశాడు.

"మళ్లీ తీపేనా?" అంది గీరిద్, కాగు కిందికి కట్టె తోస్తూ.

"కాదక్కా. ఈసారి మరీ వగరు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది."

"పోతే పోనీలేరా. నీకు నోట్లో నాలుకే లేదని ఊరంతా అననే అంటోందిగా."

షూర్ నవ్వేసి నాలుగో కప్పు కలపడం మొదలుపెట్టాడు. కాగులో బీరు కోసం బార్లీ పానకం పొద్దుటి నుంచి మరుగుతోంది. అందులో వేసిన జునిపర్ కొమ్మల వాసన కొట్టం దాటి రోడ్డు దాకా వెళ్లింది. బల్ల మీద చిన్న గిన్నెలో అతను సొంతంగా కాచిన కషాయం ఉంది. మొదటి మంచు తగిలాక కోసిన ఎర్రటి రోవన్ పండ్లతో చేసింది.

చలికాలమంతా రోడ్డు మీద మంచు తోసే బండి నడపడం అతని ఉద్యోగం. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు, చలి లేకపోయినా ఎర్రగా ఉండే చెవులు. మా లోయలో అందరం అతను తోసిన దారినే బడికీ చర్చికీ వెళ్లాం గానీ, అతని గొంతు ఎలా ఉంటుందో మాలో సగం మందికి తెలియదు. నచ్చిన పిల్లను అడగలేకే పెళ్లి లేకుండా ఉండిపోయాడు.

బండి తిప్పుకునే మలుపులో ఒక రోవన్ చెట్టుంది. ఏటా అక్కడ దిగి ఒక పండు కొరికేవాడు. ఈ చేదూ వగరూ నాన్న బీరులోని తీపికి తోడైతే ఎలా ఉంటుందా అని ఏళ్ల తరబడి ఊహించుకున్నాడు. ఊహించుకోవడమే. ఆ ఇంట్లో బీరు కాచేది గీరిద్, అదీ చనిపోయిన తండ్రి చెప్పిన పాళ్లలోనే. కట్టెలు కొట్టడం, కాగు తోమడం మాత్రం షూర్ వంతు.

ఈ ఏడు మాత్రం ఆ పండ్లతో తనను బీరు కాయనిమ్మని నోరు తెరిచి అడిగేశాడు. గీరిద్ షరతు పెట్టింది.

"పీపా తెరిచిన రోజు వచ్చినవాళ్లలో ఒక్కడైనా రెండో కప్పు అడగాలి. అడక్కపోతే ఇంక జన్మలో ఈ ఊసెత్తకూడదు."

నాలుగో కప్పు నోట్లో పోసుకుని షూర్ కళ్లు మూసుకున్నాడు. ఉమ్మలేదు. పండ్లు తగ్గించాలని ఇంతసేపూ తంటాలు పడ్డాడు. తగ్గించాల్సింది బీరులో చేదు కోసం వేసే హాప్ పువ్వుల్ని! రెండు చేదులు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి, అంతే. పువ్వులు సగానికి తగ్గించి, పానకం ఇంకాస్త చిక్కబడేదాకా మరిగిస్తే సరి. అలాగే చేసి ఇంకో కప్పు ముంచాడు.

"అక్కా! పట్టు, పట్టు!"

గీరిద్ తాగింది. చెయ్యి తనంతట తానే కప్పును మళ్లీ పెదాల దాకా తెచ్చింది.

"అదిగో, అడిగావు!" షూర్ గంతేసినంత పని చేశాడు.

"ఇది రెండో గుక్కరా సన్నాసీ, రెండో కప్పు కాదు."

సాయంత్రానికి తొట్టిలోకి వంచిన పానకం గోరువెచ్చబడింది. మేకుకున్న చెక్కదండను షూర్ దించాడు. చిన్న చిన్న చెక్కముక్కలు గుచ్చి తండ్రి చేసిన దండ. దాని సందుల్లో పానకాన్ని పులియబెట్టే పోయినేటి బీరు తోడు ఎండి ఉంది. తోడు వేసేటప్పుడు గొంతు చించుకుని అరవాలి, అది మా లోయ ఆచారం. కేక ఎంత గట్టిదైతే బీరు అంత హుషారు. గుట్టుగా వేస్తే తాగినవాళ్లు కునికిపాట్లు పడతారు. ఇన్నేళ్లూ ఆ కేక గీరిద్‌దే.

"నీ బీరు, నీ కేక," అంటూ ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

మొదట దగ్గు వచ్చింది. చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. దండను పానకంలోకి వదిలి, ఛాతీ నిండా గాలి పీల్చి షూర్ అరిచాడు. కుక్కలన్నీ లేచాయి. ఏటి అవతల నుంచి పొరుగాయన తోర్గిల్స్ తాడు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు పడ్డారు ఏట్లో?"

"ఎవరూ పడలేదయ్యా. మా షూర్ అరిచాడు."

"షూరా? చాల్లే, పోవమ్మా!"

అతను నమ్మాలని షూర్ మళ్లీ అరిచాడు. ఆ తర్వాత ఎవరికోసమూ కాకుండా ఇంకోసారి అరిచాడు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. అంత ఆనందంగా తమ్ముణ్ణి గీరిద్ ఎన్నడూ చూడలేదు.

తొట్టికి తండ్రి పాత కోటు చుట్టి, మూత మీద చెవి ఆనించి షూర్ పక్కనే కూర్చున్నాడు. గీరిద్ సూపు తెచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"ఏమంటోందిరా?"

బదులు రాలేదు. లోపల బీరు బుడబుడమంటోంది. గీరిద్ తాకి చూస్తే అతని చెయ్యి తొట్టి వైపున వెచ్చగా ఉంది. ఇటువైపు లేదు.

షూర్‌ను పాతిపెట్టి వచ్చిన రోజునే పీపా తెరిచారు. మాలో చావుకూ బీరు పోస్తారు. గీరిద్ తానే పోసింది. తోర్గిల్స్ కప్పు ఖాళీ చేసి, అడుగు వైపు కాసేపు చూసి, చెయ్యి చాపాడు.

"ఇంకో కప్పు పొయ్యి, గీరిద్."

"జాలిపడి అడుగుతున్నావా?" అందామె.

"జాలి మొదటి కప్పుతో అయిపోయిందమ్మా. ఇది దాహం."

అతని వెనక మేమంతా కప్పులు చాపాం. గీరిద్ ఏడుస్తూ నవ్వుతూ పోసింది. చీకటి పడకముందే పీపా అడుగంటింది.

పొయ్యి పైన మేకుకు తండ్రి చేసిన చెక్కదండ వేలాడుతోంది. దాని సందుల్లో షూర్ బీరు నురగ లేత ఎరుపులో ఆరుతోంది.