ఎదురు రెక్కలు

నర్సప్పకు కళ్ళకన్నా చెవుల మీద నమ్మకం ఎక్కువ. సోలాపూర్ నీలం నగర్‌లో ఆయన పనిచేసే టవళ్ళ కార్ఖానాలో మగ్గాలన్నీ ఒక్కసారిగా దడదడలాడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అంత హోరులోనూ ఏ మూల మగ్గం ఎక్కడ కుంటుతోందో ఆయన గుమ్మంలో నిలబడే చెప్పేస్తాడు. మొరాయించిన మగ్గాన్ని దారిలో పెట్టే జాబర్ మరి. ఆ పనిలోనే జుట్టు నెరిసింది, నెరిసేకొద్దీ ఒక మాట నోటికి అలవాటైపోయింది. గుడ్డ చెడిందని నేతగాడు మగ్గాన్ని తిట్టుకుంటే చాలు, మిషిన్ మీద పెట్టకు, నీ చెయ్యి చూసుకో అనేవాడు. చాలాసార్లు అది నిజమే అయ్యేది. అదే వచ్చిన చిక్కు. పదిసార్లు నిజమైన మాటను పదకొండోసారి ఎవరు ఆలోచించి అంటారు?

ఆ మాటే చలికాలంలో కూతురితోనూ అన్నాడు.

కూతురు ఋతుజ కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. ఊళ్ళో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని, రెండు చేతులతో పట్టుకుని ఆడే చిన్న గేమింగ్ కంప్యూటర్ ఒకటి కొనుక్కుంది. తెర మీద ఇద్దరు వీరులు కొట్టుకుంటారు, ఒకరిని ఈమె ఆడిస్తుంది, ఇంకొకరిని ఏ ఊళ్ళోనో కూర్చున్న మరో మనిషి ఆడిస్తాడు. నర్సప్పకు అర్థమైంది అంతే. పుణేలో ఇలాంటి పోటీలకు వెళ్ళే జట్టు ఒకటుంది. అందులో ఒక చోటు ఖాళీ అయినప్పుడు, దానికే పోటీపడుతున్న నాసిక్ కుర్రాడిని ఓడిస్తే ఆ చోటు నీదే అని ఋతుజకు చెప్పారు. ఐదింటిలో మొదటి రెండు ఆటలూ ఆమెవే. మూడో ఆటలో కంప్యూటర్ వేడెక్కి మందగించింది. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ దెబ్బ ఆలస్యంగా పడింది. వరసగా మూడూ పోయాయి. మిషిన్ నెమ్మదైపోయిందని ఆ పిల్ల ఏడుస్తుంటే, టీ తాగుతున్న నర్సప్ప తల కూడా ఎత్తకుండా ఆ పాత మాట అనేశాడు. ఋతుజ ఏడుపు ఆపేసింది. ఆ రోజు నుంచి ఆట సంగతి తండ్రి దగ్గర ఎత్తడం కూడా ఆపేసింది.

ఇప్పుడు ఎండాకాలం. పుణేవాళ్ళు దయతలచి ఇంకొక్క అవకాశం ఇచ్చారు, అదే కుర్రాడితో, ఈ రోజు సాయంత్రం నాలుగింటికి. మూడోసారి అనేది ఉండదని ముందే చెప్పేశారు.

నెల రోజులుగా ఋతుజ ఆ కంప్యూటర్‌నే పట్టుకుని కూర్చుంది. ఆటలు దాచుకునే పాత ఎస్‌ఎస్‌డి తీసి పెద్దది వేసింది. ఇక మిగిలింది చిప్పు మీద ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది పూయడం. అది పూస్తే చిప్పు వేడి త్వరగా దిగుతుంది, అప్పుడు దానికి కరెంటు ఎక్కువ ఇచ్చి వేగం పెంచుకోవచ్చు. ఇదంతా తల్లికి చెప్పేది. తల్లి మంగళ చాటలో తంబాకు, తునికాకు ముందేసుకుని బీడీలు చుడుతూ ఊ కొట్టేది. పక్క గదిలో నర్సప్ప పడుకున్నట్టు నటిస్తూ అంతా వినేవాడు. ఆయనకు తలకెక్కింది ఒక్కటే: వేగం పెంచితే వేడి పెరుగుతుంది, ఆ వేడిని బయటికి తోసేది అరచేతిలో సగం కూడా లేని ఒక ఫ్యాను. అంతా దాని మీదే ఉంది.

ఆ పొద్దున ఋతుజ కంప్యూటర్ వెనక మూత విప్పి, ఫ్యాను ఊడదీసి పేపరు మీద పెట్టింది. పేస్టు ట్యూబు నొక్కితే లోపల గట్టిపడిపోయి ఉంది. జోడ్‌భావి పేట్‌లో రిపేరు దుకాణం పెట్టుకున్న స్నేహితురాలి దగ్గర తెచ్చుకుంటానని, ఎవ్వరూ దేన్నీ ముట్టద్దని చెప్పి స్కూటీ తీసింది.

నర్సప్ప టీకి ఇంటికొచ్చాడు. ఇల్లూ కార్ఖానా ఒకే గోడకు అటూ ఇటూ. పేపరు మీద ఫ్యాను చూశాడు. దాని రెక్కల మధ్య దూది నూగు గడ్డకట్టి ఉంది. గోటితో కొంచెం లాగి వెలుగులో పెట్టి చూశాడు. పైనంతా తెలుపు, అడుగున పలచని గులాబీ రంగు పొర.

చలికాలంలో కార్ఖానాలో నడిచింది గులాబీ టవళ్ళ ఆర్డరే. తన మగ్గాల మీంచి లేచిన నూగే గోడ దాటి వచ్చి కూతురి మిషిన్ గొంతు పట్టుకుంది. ఆయన ఆ నూగును చాలాసేపు వేళ్ళ మధ్య నలిపి చొక్కా జేబులో దాచుకున్నాడు. టీ చల్లారిపోయింది.

తప్పు తెలిసిన మనిషి ఊరికే కూర్చోలేడు, ఏదో ఒకటి చేసి తీరాలి. నర్సప్ప కూడా అదే చేశాడు. మగ్గానికి పట్టిన నూగును కంప్రెసర్ గాలితో కొట్టడం కార్ఖానాలో రోజూ ఉన్న పనే. ఫ్యానును జేబులో వేసుకుని గోడ అవతలికి వెళ్ళాడు, పైపు మూతి దగ్గర పెట్టి మీట నొక్కాడు. నూగు ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. ఫ్యాను గిర్రున తిరిగి ఈల వేసింది, ఈల కీచుగా మారింది. అబ్బో ఎంత బాగా తిరుగుతోందని మురిసిపోయాడు కూడా. అంతలో టిక్కుమని ఒక చప్పుడు. అంత హోరులోనూ ఆ చెవులకు వినపడింది.

పక్కపక్కనే ఉన్న రెండు రెక్కలు విరిగి కింద పడ్డాయి.

మగ్గం ఇనుముతో చేసింది, ఇది ప్లాస్టిక్ ముక్క. ఆ తేడా రెక్కలు విరిగాక తట్టింది మహానుభావుడికి. నేలమీద పాకి రెండు ముక్కలూ వెతికి తెచ్చుకుని, ఇంట్లో గబగబా అంటుకునే జిగురు తీసి అతికించాడు. మంగళ బీడీ చుట్టడం ఆపి చూస్తూనే ఉంది. పిల్ల రాగానే చెప్పమంది. చెప్తానన్నాడు.

చెప్పేవాడే. కానీ ఋతుజ చెమటలు కక్కుతూ వచ్చింది, ఫ్యాను చూసింది, ముఖం విప్పారింది. సాఫ్ చేసింది నువ్వేనా అని తండ్రిని అడిగింది. ఆయన తల ఊపాడు. ఆ పిల్ల నవ్వింది. చలికాలం తర్వాత తండ్రి వైపు తిరిగి నవ్వడం అదే మొదటిసారి. నర్సప్ప తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఇక చూడండి ఆయన అవస్థ. పిల్ల పేస్టు పూస్తోంది, ఆయన చల్లారిన టీ గ్లాసు ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. పిల్ల ఫ్యాను బిగిస్తోంది, ఆయన గోడకేసి చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పాలి, ఈ స్క్రూ అయ్యాక చెప్పాలి, ఆ స్క్రూ అయ్యాక చెప్పాలి అనుకుంటుండగానే మూత పడిపోయింది. మంగళ రెండుసార్లు దగ్గింది. ఆయన వినపడనట్టే ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచాడు.

ఋతుజ కంప్యూటర్ ఆన్ చేసింది. ఫ్యాను మెల్లగా తిరిగింది, బానే ఉంది. పరీక్షకని ఆట తెరిచింది, కరెంటు పెంచింది. ఫ్యాను వేగం అందుకుంది. వేగంతో పాటు సన్నగా ఒక గరగర మొదలైంది. ఆ గరగర ఆ పిల్లకన్నా ముందు నర్సప్పకే వినపడింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. లోపల టపటపమని ఏదో కొట్టుకుంది, తర్వాత గీరుతున్న చప్పుడు, తర్వాత చప్పుడే లేదు. తెర మీద వీరుడు నీళ్ళలో నడుస్తున్నట్టు కదిలి ఆగిపోయాడు.

ఋతుజ గబుక్కున ఆఫ్ చేసింది. గడియారం చూసింది. మూడు దాటింది.

"స్క్రూ ఎక్కువ బిగించిన," అంది తనలో తను అనుకున్నట్టు. "నా చేతిదే తప్పు. మిషిన్‌ది గాదు."

నర్సప్ప నోటి మాట ఆ పిల్ల నోట్లోంచి, అచ్చం ఆయనలాగే, నెమ్మదిగా వచ్చింది. ఇక ఆగలేకపోయాడు.

"నీ చెయ్యి గాదు బిడ్డా. నేనే ఇరగ్గొట్టిన. కంప్రెసర్ గాలి కొట్టిన, రెండు రెక్కలు పోయినయ్. అంటుపెట్టి నీకు చెప్పలే."

ఋతుజ అరవలేదు. అరిచినా బాగుండేది. తండ్రి ముఖంలోకి చూసి, ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది.

"నువ్వు నవ్వినవ్," అన్నాడు నర్సప్ప.

ఆ పిల్ల ముఖం తిప్పుకుంది. కంట నీరు తుడుచుకుని మళ్ళీ స్క్రూలు విప్పింది. ఫ్యాను బయటికి తీస్తే అతికించిన ముక్కలు ఊడి లోపల ఇరుక్కుని ఉన్నాయి. వాటిని సన్నటి పట్టకారుతో పీకింది. ఈ ఫ్యాను సోలాపూర్‌లో దొరకదు, ముంబై నుంచి రావాలి. ఫ్యాను లేకుండా ఆడాలంటే వేగం తగ్గించాలి, అప్పుడు చలికాలంలోకన్నా అన్యాయంగా నడుస్తుంది. ఆ రెండు రెక్కలు లేకుండానే తిప్పితే ఒక పక్క బరువై ఊగి చుట్టూ ఉన్న డబ్బాకు గీరుకుంటుంది. ఈ సంగతులన్నీ ఆమె తల్లికే చెప్పింది. తండ్రి అక్కడ లేనట్టే.

నర్సప్ప పేపరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఫ్యానును చూస్తూ చూస్తూ, విరిగినచోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు రెక్కల మీద గోరు పెట్టాడు. ఇవి కూడా తీసేస్తే బరువు రెండు పక్కలా సమానమవుతుంది, గాలి కొంచెం తగ్గినా తిరగడం నిలకడగా తిరుగుతుంది అన్నాడు. మగ్గం చక్రం ఒక పక్క బరువైతే ఇలాగే సరిచేస్తాడట.

ఋతుజ తల ఎత్తింది. చెడగొట్టింది చాలక ఇంకా విరుస్తానంటున్న ఈ మనిషిని ఏమనాలో ఆమెకు తోచలేదు. ఇది పక్కానా అని అడిగింది.

పొద్దున అడిగి ఉంటే నర్సప్ప పక్కా అనేవాడు. ముప్పై ఏళ్ళుగా అలాగే అంటున్నాడు.

"మగ్గం సంగతి నాకెరుక. దీని సంగతి ఎరుక లేదు. చెప్పలేను బిడ్డా."

ఋతుజ గడియారం వైపు చూసింది, ఫ్యాను వైపు చూసింది. మంగళ తునికాకు కత్తిరించే కత్తెరను కొంగుతో తుడిచి కూతురి ముందు పెట్టింది. నర్సప్ప చెయ్యి అలవాటుగా కత్తెర మీదకు పోయి మధ్యలోనే వెనక్కి వచ్చింది.

"యాడ కొయ్యాల్నో సరింగ చూపెట్టు," అంది ఋతుజ.

ఆయన చూపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టి చూపెట్టాడు. ఆమె మొదటి రెక్క కోసింది. రెండోది కోసేటప్పుడు కత్తెర కొంచెం జారింది, ముగ్గురి గుండెలూ జారాయి. పక్క రెక్కకు గీటు పడింది గాని విరగలేదు. మొదళ్ళు సమానంగా గీకి, ఫ్యాను బిగించి, మూత పెట్టకుండానే ఆన్ చేసింది. కరెంటు పెంచింది. ఫ్యాను వేగం అందుకుంది, ఒక్కసారి వణికింది. తర్వాత సన్నగా జుమ్మంటూ తిరుగుతూనే ఉంది. మూత బిగించేసరికి పుణే నుంచి పిలుపు వచ్చేసింది.

ఐదు ఆటల్లో మూడు గెలిచినవాళ్ళది చోటు. మనసు ఇంకా ఫ్యాను మీదే ఉండి మొదటి ఆట ఋతుజ పోగొట్టుకుంది. రెండోది గెలిచింది. నర్సప్ప తెర వైపు చూడలేదు, చూసినా తెలిసేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని, మగ్గాల హోరును పక్కకు నెట్టి, ఆ సన్నటి జుమ్మును ఒక్కదాన్నే పట్టుకుని వింటున్నాడు. మూడో ఆట మొదలైంది. చలికాలంలో మిషిన్ పడిపోయింది ఇక్కడే. గది ఉడికిపోతోంది, ఆయన వీపు తడిసి చొక్కా అంటుకుపోయింది. జుమ్ము కొంచెం పైకి లేచింది, ఒక చిన్న గరగర వచ్చి పోయింది. ఆయన తనకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాడు. జుమ్ము తగ్గలేదు, మారలేదు. ఆ ఆట ఋతుజది.

నాలుగో ఆట మధ్యలో కార్ఖానా నుంచి మనిషి వచ్చాడు, మగ్గం ఆగింది రమ్మని. నర్సప్ప తలుపు దగ్గరే ఆపి, ఆగితే ఆగనీ అని పంపేశాడు. అలాంటి మాట ఆయన నోట విన్నవాళ్ళు అంతవరకు లేరు. వచ్చినవాడు నోరు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

నాసిక్ కుర్రాడు తక్కువవాడేం కాదు. చివరిదాకా ఇద్దరి వీరులూ ఒంట్లో ప్రాణం దారమంత మిగిలి నిలబడ్డారు. ఋతుజ బొటనవేలు ఒక్కసారి కదిలింది. నొక్కిన క్షణానే దెబ్బ పడింది. అవతలివాడు కూలాడు.

మంగళ ఏమైందని అడిగింది. ఋతుజ తల్లి ఒళ్ళో తల పెట్టేసింది, బీడీలు చెల్లాచెదురయ్యాయి. పుణే నుంచి ఫోను వచ్చింది. వచ్చే నెల నుంచి రమ్మన్నారు. నర్సప్ప కళ్ళు తుడుచుకున్నాడు. తన బిడ్డ గెలిచిందన్న సంతోషం వెనకే చలికాలంలో తను అన్న మాట కూడా గుర్తొచ్చింది.

ఋతుజ లేచి కంప్యూటర్ ఆఫ్ చేసింది. వెచ్చగా ఉన్న దాని వీపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. గొంతులో కోపం లేదు.

"పోయినసారి గూడ గిట్లనే ఆడిన నాయినా."

నర్సప్ప చొక్కా జేబులోంచి పొద్దున దాచుకున్న ఆ గులాబీ నూగు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఎరుకైంది బిడ్డా. మా మగ్గాల నూగే నీ ఫ్యాన్ల ఇరికింది. ఆ దినం నేనన్నది తప్పు. నీ చెయ్యి మంచిదే ఉండె."

గోడ అవతల ఆగిన మగ్గం ఇంకా ఆగే ఉంది. కార్ఖానా నుంచి మళ్ళీ పిలిచారు. ఋతుజ ఆయన భుజానికి తల ఆనించి ఉంది, అందుకని ఆయన కాసేపు లేవలేదు.